క్యాలెండర్‌లో లేని మన పండుగలు: దమ్మపేట నుంచి ఒక లెక్క



ఇంట్లో గోడ మీద క్యాలెండర్ ఉంటే ఒకసారి ఎర్ర అంకెలు చూడండి. సంక్రాంతి, ఉగాది, శ్రీరామనవమి, రంజాన్, దసరా, దీపావళి, క్రిస్మస్ అన్నీ ఉంటాయి. భూమి పండుగ ఉండదు. విజ్జ పండుం ఉండదు. పచ్చ పండుగ, కొత్తల పండుగ, మామిడి కొత్త, చిక్కుడు కొత్త, వీటిలో ఒక్కటీ కనపడదు. దమ్మపేట, అశ్వారావుపేట, ములకలపల్లి ఊళ్లల్లో మన పెద్దలు ఏడాది పొడుగూతా చేసుకుంటూ వచ్చిన పండుగలు ఇవే. "మన పండుగలకి సెలవెందుకు ఇవ్వరు?" అని హాస్టల్‌లో ఉండే తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతుంటారు. మనం తక్కువోళ్లం కాబట్టి ఇవ్వరు అని ఒక్క మాటలో తేల్చేస్తే అసలు సంగతి తప్పిపోద్ది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపికగా చదవండి.

మన పండుగకి తేదీ ఉండదు

సర్కారు సెలవు ఇవ్వాలంటే ముందు తేదీ కావాలి. ఏటా ముందుగానే జీవో తీసి, ఫలానా రోజు ఫలానా పండుగ అని ప్రకటిస్తారు. తిథిని బట్టి వచ్చే పండుగని పంచాంగం చూసి లెక్క కట్టొచ్చు. మన పండుగ తిథిని బట్టి రాదు, చెట్టుని బట్టి వస్తది. మామిడికాయలో టెంక ముదిరిందా, చిక్కుడు కాయ దిగిందా, వరి కంకి పండిందా అని చూస్తారు. అప్పుడు పటేల్, పూజారి, ఊరి పెద్దలు కూర్చుని రోజు పెడతారు. ఒక ఊళ్లో ఈ వారం అయితే పక్క ఊళ్లో ఇంకో పది రోజులకి కావొచ్చు. దీన్లో ఒక సుఖం కూడా ఉంది. అన్ని ఊళ్లకీ ఒకే రోజు కాదు కాబట్టి చుట్టాల ఊళ్లకి పోయి రావొచ్చు.

తేదీ దొరికిన మన పండుగలకి గుర్తింపు తొందరగా వచ్చింది. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘ శుద్ధ పౌర్ణమికి జరుగుతది. 1996లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగ చేసింది. కేస్లాపూర్‌లో మెస్రం వంశం వాళ్లు చేసే నాగోబా జాతర పుష్య అమావాస్యకి వస్తది. ఈ రెంటి గురించీ దేశమంతా తెలుసు. ఊరి పండుగలు ఎక్కడికక్కడ, ఎప్పటికప్పుడు జరిగేవి కాబట్టి కాగితం మీదికి ఎక్కలేదు.

ఏడాది ఎట్లా తిరుగుతది

ఎండాకాలం చివర, తొలకరికి ముందు వచ్చేది భూమి పండుగ, విజ్జ పండుం. కోయ భాషలో పండుం అంటే పండుగ, విజ్జ అంటే విత్తనం. ఇంటింటి నుంచి విత్తనాలు తెచ్చి ఊరి దేవత దగ్గర పెడతారు. కోడిని బలిచ్చి, మొక్కి, ఆ విత్తనాలు పంచుకుని తీసుకుపోతారు. అది అయ్యేదాకా దున్నటం, విత్తటం మొదలుపెట్టరు. ఈ పండుగకే మగవాళ్లు వేటకి పోయేవాళ్లు. ఉత్త చేతులతో తిరిగొచ్చిన వాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు పోసి ఆటపట్టించేవాళ్లు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరం అయింది. ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి, పాటలు పాడి, వచ్చేపోయే వాళ్ల దగ్గర డబ్బులు తీసుకోవటం మాత్రం భద్రాచలం ఏజెన్సీ రోడ్ల మీద ఇప్పటికీ చూస్తాం. బయటోళ్లు దాన్ని అడుక్కోవటం అనుకుంటారు. అది పండుగలో వాళ్ల వాటా. మన దారిన పోయేవాడు కూడా ఆ రోజు మన పండుగలో మనిషే.

వానాకాలంలో పచ్చ పండుగ. ఆకుకూరలు, తొలి కాయగూరలు దేవతకి పెట్టాకే ఇంట్లో వండుతారు. పంట చేతికొచ్చాక కొత్తల పండుగ, కొత్త గింజ ముందు పెద్దలకీ వేల్పులకీ పెట్టి తర్వాత మనం తింటాం. చలికాలంలో చిక్కుడు కొత్త. చలి పోయి ఎండ ముదిరేటప్పుడు మామిడి కొత్త. ఇప్పపూలు రాలేదీ ఆ రోజుల్లోనే. ఊరిని బట్టి పేరు మారొచ్చు, వరస మారొచ్చు. దమ్మపేట మండలంలోనే పూసుకుంట లాంటి కొండరెడ్ల ఊళ్లు ఉన్నాయి. వాళ్లకీ కొత్తలు ఉన్నాయి, వాళ్ల పద్ధతి వాళ్లది.

వీటన్నిట్లో ఒకటే నియమం కనపడుతది: పెట్టకముందు తినొద్దు. దీన్ని మూఢనమ్మకం అని నవ్వేవాళ్లు ఉన్నారు. నాకు అర్థమైంది ఇది. టెంక ముదరకముందే కాయలన్నీ దులిపేస్తే అడవిలో రేపటి మొక్కకి గింజ ఉండదు. ఆశపడి ఒక్కడు ముందు కోస్తే మిగతావాళ్లకి మిగలదు. ఊరంతా ఒక రోజు దాకా ఆగుదాం అనుకోవటం అంటే అడవిని పంచుకునే కట్టుబాటు. గార్డు లేడు, జరిమానా రసీదు లేదు, అయినా నడిచింది.

పండుగల మీద గీతలు గీసిన వాళ్లు

మన పండుగల గురించి మొదట కాగితం మీద పెట్టింది మనం కాదు. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1870ల్లోనే భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో రాశాడు. కొండరెడ్ల మీద హైమన్‌డార్ఫ్ పుస్తకం 1945లో వచ్చింది. వాళ్లు రాసింది పనికొస్తది. కానీ వాళ్లు చూసింది బయట నిలబడి.

పాలకులు గీసిన గీతలు వేరే. భద్రాచలం వైపు సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి 1874లో మద్రాసు గోదావరి జిల్లాలో కలిసింది. దమ్మపేట వైపు నిజాం రాజ్యం. ఒకే గట్టు వాళ్లు, ఒకే వేల్పుని కొలిచేవాళ్లు రెండు రాజ్యాల్లో పడ్డారు. రేకపల్లి వైపు పోడు మీద పన్ను పెంచారు, కొన్ని చెట్లు కొట్టొద్దన్నారు. రంపలో కల్లు మీద చిగురు పన్ను వేశారు. కల్లు లేకుండా మన దగ్గర పండుగ ఎట్లా అయితది? 1879లో రంపలో మొదలైన పితూరీ భద్రాచలం తాలూకా దాకా పాకటానికి ఇవన్నీ కారణాలే. పోడుకి అడ్డం పడటం అంటే తిండికే కాదు, పండుగకీ అడ్డం పడటమే.

తర్వాత కూడా గీతలు ఆగలేదు. 1953లో ఖమ్మం జిల్లా అయింది, 1959లో భద్రాచలం దాన్లో కలిసింది. 2014లో పోలవరం పేరుతో కుక్కునూరు, వేలేరుపాడు లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి. 2016లో మనది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. మేనమామ ఊరు ఒక రాష్ట్రం, మేనల్లుడి ఊరు ఇంకో రాష్ట్రం. పండుగ రోజున మాత్రం ఇప్పటికీ ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు పోతున్నారు.

ఇప్పుడు అసలు ప్రమాదం ఎక్కడుంది

సెలవు లేకపోవటం ఒక బాధే. ఆశ్రమ పాఠశాలలో చదివే పిల్లలు దసరాకి, సంక్రాంతికి ఇంటికొస్తారు. పచ్చ పండుగకీ, కొత్తలకీ ఊళ్లో ఉండరు. పదేళ్లు అట్లా గడిస్తే ఆ పిల్లకి పాట రాదు, మొక్కే మాట రాదు.

అంతకన్నా పెద్దది పొలంలో ఉంది. దమ్మపేట, అశ్వారావుపేట అంటే ఇప్పుడు పామాయిల్ తోటలు. అప్పారావుపేటలో ఫ్యాక్టరీ కూడా ఉంది. ఆదాయం వస్తుంది కాబట్టి వేస్తున్నారు, తప్పని అనను. కానీ పామాయిల్ మొక్క ఒకసారి పెడితే పాతికేళ్లకి పైగా ఉంటది. ఏటా విత్తేది లేదు. పత్తి వేసేవాళ్లు ప్యాకెట్ కొని తెస్తారు. మరి విజ్జ పండుం నాడు దేవత దగ్గర ఏం పెట్టాలి? జొన్న, సామ, కొర్ర, కంది, బొబ్బర్లు ఇంట్లో దాచిన చోట ఆ పండుగకి అర్థం ఉంది. విత్తనం పోయిన ఊళ్లో కోడి, కల్లు మాత్రమే మిగులుతాయి.

పాట సంగతీ అంతే. వేల్పుల కథలు పడిగె పట్టి చెప్పేది డోలి కళాకారులు. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన వెళ్లిపోయారు. ఆయనతో పాటు ఎంత పోయిందో లెక్క లేదు.

చట్టంలో మన పండుగకి చోటు ఉంది

ఇది చాలామందికి తెలీదు. 1996 పెసా చట్టం ప్రకారం సంప్రదాయాలు, ఆచారాలు, సాంస్కృతిక గుర్తింపు కాపాడుకునే అధికారం గ్రామసభది. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నిబంధనల్లో, హక్కుకి సాక్ష్యంగా పవిత్ర స్థలాలు, పవిత్ర వృక్షాలు, శ్మశానాలు చూపించొచ్చని ఉంది. పెద్దల వాంగ్మూలం కూడా చెల్లుతది. అంటే భూమి పండుగ జరిగే చెట్టు కింద చోటు పూజకే కాదు, ఆ అడవిలో మనం ఎప్పటి నుంచో ఉన్నామని చెప్పే సాక్షి. ఆ పండుగ మానేస్తే సాక్షిని మనమే పోగొట్టుకున్నట్టు.

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి ర్యాలీ తీస్తాం. 1982లో అదే రోజు ఆదివాసీ ప్రజల మీద ఐక్యరాజ్యసమితి బృందం మొదటిసారి కూర్చుంది, 1994లో ఆ రోజుని ప్రకటించారు. బిర్సా ముండా పుట్టిన నవంబర్ 15 కూడా 2021 నుంచి జరుగుతోంది. ఇవి కావాలి. అయితే కొమురం భీం వర్ధంతి చూడండి. 1940లో జోడేఘాట్‌లో ఆయన నేలకొరిగాడు, ఇప్పటికీ ఆశ్వయుజ పౌర్ణమికే చేస్తారు. జనం చందమామని చూసి గుర్తుపెట్టుకున్నారు, సర్కారు దాని వెనక వచ్చింది. మన ఊరి పండుగలు కూడా జీవో కోసం ఆగక్కర్లేదు.

అందుకే ఒక పని అడుగుతున్నా. ఈసారి ఊరికి పోయినప్పుడు పూజారినో, ముసలి అవ్వనో ఐదు సంగతులు అడిగి రాయండి: ఏ పండుగ, ఏ గుర్తు చూసి రోజు పెడతారు, ఏ చోట చేస్తారు, ఏం పెడతారు, ఏ పాట పాడతారు. పాటని ఫోన్‌లో రికార్డు చేయండి, పాడినవాళ్ల అనుమతి తీసుకుని. అది గ్రామసభ రిజిస్టర్‌లో తీర్మానంగా ఎక్కించమని అడగండి. విజ్జ పండుం నాటికి ఇంట్లో గుప్పెడు పాత విత్తనం ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే ఉన్న ఊరి నుంచి తెచ్చుకోండి.

జై ఆదివాసీ.