ఇంట్లో దుర్వాసనకు వంటింటి విరుగుడు: ఏ వాసనకు ఏ పదార్థం పనిచేస్తుంది? ఏ వాసనను కప్పిపుచ్చకూడదు?

నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు, తలుపులు మూసి ఉంచిన ఇంట్లో ముక్కిన వాసన నిలిచిపోతుంది. ఆరని బట్టలు, చెమ్మగిల్లిన గోడ, మూత సరిగా పడని చెత్తబుట్ట, ముందురోజు వండిన చేపల పులుసు, వీటన్నిటి వాసనలూ కలిసిపోతాయి. ఆ సమయంలో చాలామంది చేయి చాచేది సువాసన చిమ్మే స్ప్రే డబ్బా వైపే. రసాయనాలు వద్దనుకునేవారు నిమ్మకాయ, వెనిగర్, వంటసోడా, లవంగాలు, కర్పూరం వంటివాటిని ఆశ్రయిస్తారు.

వంటింటి పదార్థాలు పనిచేస్తాయి. అయితే అన్నీ అన్ని వాసనలకూ పనిచేయవు. కొన్ని వాసనలు పులుపుకు లొంగుతాయి, కొన్ని సోడాకు లొంగుతాయి, మరికొన్ని ఎండకూ గాలికీ తప్ప దేనికీ లొంగవు. వీటికి తోడు, అసలు పోగొట్టే ప్రయత్నమే చేయకూడని వాసనలు కొన్ని ఉన్నాయి. అవి ప్రమాద హెచ్చరికలు.

ఏదైనా పదార్థం నుంచి ఆవిరై గాలిలో కలిసిన అణువులు ముక్కులోని గ్రాహకాలను తాకినప్పుడు మనకు వాసన తెలుస్తుంది. దుర్వాసనను ఎదుర్కోవడానికి రెండు మార్గాలు ఉన్నాయి. ఒకటి, అంతకంటే ఘాటైన పరిమళంతో దాన్ని మరుగుపరచడం. రెండోది, ఆ అణువులను గాలిలోకి లేవకుండా చేయడం లేదా వాటి పుట్టుకనే ఆపడం. స్ప్రేలు, అగరుబత్తులు ప్రధానంగా మొదటి పని చేస్తాయి. నిమ్మరసం, వంటసోడా సరైన చోట వాడితే రెండో పని చేస్తాయి.

మరో ఇబ్బంది కూడా ఉంది. ఎంతటి వాసనకైనా మన ముక్కు కొద్ది నిమిషాల్లోనే అలవాటు పడిపోతుంది. అందుకే ఇంట్లో ఉన్నవారికి తెలియని వాసన గడప దాటి లోపలికి వచ్చిన చుట్టానికి ఇట్టే తెలిసిపోతుంది. మన ఇంటి వాసన ఏమిటో తెలుసుకోవాలంటే కాసేపు ఆరుబయట తిరిగి వచ్చి, లోపలికి అడుగుపెట్టిన తొలి క్షణంలోనే గమనించాలి.

పులుపుకు లొంగే వాసనలు

చేపల వాసన ఇందుకు చక్కని ఉదాహరణ. సముద్రపు చేప కండరాల్లో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. చేప చనిపోయాక బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది. మనం నీచు వాసన అనేది ప్రధానంగా దీన్నే. ఇది క్షార స్వభావం కలది. చింతపండు, నిమ్మరసం, వెనిగర్ వంటి ఆమ్లాలతో కలిసినప్పుడు ఇది లవణంగా మారి, ఆవిరి కాకుండా అక్కడే ఉండిపోతుంది. వాసన ముక్కు దాకా రాదు.

ఈ రసాయన శాస్త్రం తెలియకపోయినా తీరప్రాంతాల వంటవారికి దీని ఫలితం తరతరాలుగా తెలుసు. గోదావరి జిల్లాల్లో చేపల పులుసుకు చింతపండు ఎంత ముఖ్యమో, కేరళలో కుడంపులి, కొంకణ తీరంలో కోకం అంతే ముఖ్యం. శ్రీలంకలో అంబుల్ తియల్ అనే చేపల వంటకానికి వాడే గోరకా మన పొరుగున కేరళలో కుడంపులిగా పిలిచే కాయే. రుచి కోసం మొదలైన అలవాటో, వాసన కోసం మొదలైన అలవాటో చెప్పడం కష్టం.

చెరువుల్లో పెంచిన చేపలకు ఉండే మట్టి వాసన దీనికి భిన్నమైనది. దానికి ముఖ్య కారణం నీటిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్. తొలకరి జల్లుకు నేల నుంచి లేచే కమ్మని వాసనలో ఉండేదీ ఇదే పదార్థం. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇజబెల్ బేర్, రిచర్డ్ థామస్ ఆ తొలకరి వాసనకు పెట్రికోర్ అని పేరుపెట్టారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అంతకు ఎంతో ముందు నుంచే మట్టిని బట్టీ పట్టి అత్తరు తీస్తున్నారు. నేల మీద పరిమళమైనది పళ్ళెంలోకి వచ్చేసరికి దోషమైపోయింది. జియోస్మిన్ ఆమ్లంలో విచ్ఛిన్నమవుతుంది కనుక చెరువు చేప ముక్కలను నిమ్మరసంలోనో చింతపండు నీటిలోనో కాసేపు నానబెట్టి కడిగితే మట్టి వాసన చాలావరకు తగ్గుతుంది.

ఇంటి పనిలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. చేపలు కోసిన పీట, కత్తి, చేతులను ముందు చల్లటి నీటితో కడిగి, పిండేసిన నిమ్మచెక్కపై ఉప్పు అద్ది రుద్దాలి. పులుసు తీశాక మిగిలిన చింతపండు పిప్పి కూడా ఇందుకు సరిపోతుంది. పసిపిల్లల పక్క మీద, పెంపుడు జంతువులు ఉండే చోట వచ్చే అమోనియా వాసన సైతం క్షార స్వభావం కలదే. సమానంగా నీరు కలిపిన వెనిగర్‌తో తుడిచి, మళ్లీ మంచినీటితో తుడిస్తే అది తగ్గుతుంది.

ఇక్కడ తెలుగు ఇళ్లకు ప్రత్యేకంగా వర్తించే జాగ్రత్త ఒకటి ఉంది. తాండూరు, షాబాద్, కడప బండలు సున్నపురాయి జాతికి చెందినవి. పాలరాయి మూలపదార్థం కూడా అదే. నిమ్మరసం, వెనిగర్ పడితే ఈ రాళ్ల మెరుపు పోయి మచ్చలు పడతాయి. ఆ మచ్చ మురికి కాదు, రాయి పైపొర కరిగిపోయిన గుర్తు. ఎంత తోమినా పోదు. అలాంటి నేల ఉన్నవారు పులుపును పాత్రలకూ కోతపీటలకూ పరిమితం చేసి, నేలకు గోరువెచ్చని నీరు, కొద్దిపాటి సబ్బు వాడడం మేలు.

వంటసోడా బలం, పరిమితి

విరిగిన పాలు, పులిసిన పిండి, చెమట పట్టిన బూట్ల నుంచి వచ్చే వాసనలు ఇందుకు వ్యతిరేకమైనవి. అవి ప్రధానంగా ఆమ్లాలు. పాడైన వెన్నలో బ్యుటిరిక్ ఆమ్లం, పాదాల చెమట వాసనలో ఐసోవలెరిక్ ఆమ్లం ఉంటాయి. వంటసోడా, అంటే సోడియం బైకార్బొనేట్, స్వల్పంగా క్షార గుణం కలది. ఈ ఆమ్లాలను అది లవణాలుగా మార్చి గాలిలోకి లేవకుండా చేస్తుంది. పాలు ఒలికిన ఫ్రిజ్ అరను సోడా కలిపిన నీటితో తుడవడం, మూత పెట్టి ఉంచిన ఫ్లాస్కులో రాత్రంతా సోడా నీరు నింపి ఉంచడం, బూట్లలో చెంచాడు సోడా చల్లి ఉదయం దులిపేయడం, ఇవన్నీ పనిచేసే పద్ధతులే.

ఫ్రిజ్‌లో గిన్నెడు సోడా పెట్టి వదిలేసే అలవాటుపై మాత్రం అతిగా ఆశ పెట్టుకోకూడదు. గాలి తగిలేది పైపొరకు మాత్రమే. అందువల్ల లోతైన గిన్నెకంటే వెడల్పాటి పళ్ళెం మెరుగు. అప్పుడప్పుడు కలుపుతూ, నెలకొకసారైనా మార్చాలి. ఫ్రిజ్ వెనుక లేదా అడుగున నీరు చేరే ట్రే ఉంటుంది. చాలా ఇళ్లలో దాన్ని కొన్న నాటి నుంచి ఎవరూ కడిగి ఉండరు. వాసన ఎంతకూ పోనప్పుడు ముందు చూడవలసింది దాన్నే.

వంటసోడా, బేకింగ్ పౌడర్ ఒకటి కావు. బేకింగ్ పౌడర్‌లో ఆమ్ల పదార్థం ముందే కలిపి ఉంటుంది కనుక వాసనలపై దాని ప్రభావం తక్కువ. చాకలిసోడా ఇంకా ఘాటైన క్షారం, చేతులకు మంచిది కాదు. వెనిగర్, వంటసోడా కలిపితే నురగ పొంగుతుంది, చూడడానికి బాగుంటుంది కూడా. కానీ అవి ఒకదాన్నొకటి తటస్థం చేసుకోగా మిగిలేది నీటిలో కరిగిన సోడియం అసిటేట్ అనే ఉప్పు. పుల్లదనమూ పోయింది, క్షారమూ పోయింది. ఏదైనా ఒకటే వాడాలి, లేదా ఒకదాని తర్వాత ఇంకొకటి వాడాలి.

ఉల్లి, వెల్లుల్లి, ఉడికిన క్యాబేజీ వాసనలకు గంధక సమ్మేళనాలు కారణం. వాటికి పులుపూ సోడా కూడా పెద్దగా ఉపయోగపడవు. వండుతున్నంతసేపూ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, దానికి ఎదుటి వైపు కిటికీ తెరవడమే సరైన మార్గం. పొడి కాఫీపిప్పి, బొగ్గు ముక్కలు అలమరల వంటి చిన్న చోట్ల కొంత ఉపకరిస్తాయి.

ముక్కిన వాసనకు మూలం చెమ్మ

వానాకాలపు వాసనకు కారణం బూజు. బూజుకు కారణం తేమ. తేమను వదిలేసి వాసన మీద పడితే ఫలితం ఉండదు. బట్టల అలమరలో కల్లుప్పు గిన్నె పెట్టే పాత అలవాటు వెనుక అర్థం ఉంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే శుద్ధమైన ఉప్పు నీటిని పీల్చుకోవడం మొదలుపెడుతుంది. మెగ్నీషియం లవణాలు కలిసిన సముద్రపు కల్లుప్పు అంతకంటే ముందే చెమ్మగిల్లుతుంది. వానాకాలంలో ఉప్పు జాడీ నీరు కారడం అందరూ చూసినదే. అలా తడిసిన ఉప్పును మూకుడులో వేయించి మళ్లీ వాడుకోవచ్చు. అయితే అది అలమరకు సరిపోతుంది గానీ గదికి చాలదు.

సంక్రాంతికి ముందు గోడలకు వెల్ల వేయడం అందం కోసమే కాదు. సున్నం గాఢమైన క్షారం కావడం వల్ల దాని మీద బూజు త్వరగా పట్టదు. రంగులు వేసిన నేటి గోడలకు ఆ రక్షణ లేదు. పైపు కారుతున్నా, మేడ మీద నుంచి నీరు దిగుతున్నా ముందు దాన్ని మరమ్మతు చేయించాలి. పరుపులు, దిండ్లకు ఎండను మించిన మందు వంటింట్లో లేదు.

పొగ కూడా కాలుష్యమే

లవంగాలు, దాల్చినచెక్క, నారింజ తొక్కలను గిన్నెడు నీటిలో సన్నని మంటపై మరిగిస్తే ఇల్లంతా పరిమళిస్తుంది. ఇది దుర్వాసనను తొలగించదు, కప్పుతుంది. ఇల్లు శుభ్రం చేశాక చేస్తే బాగుంటుంది. గిన్నెను పొయ్యి మీద మరచిపోకుండా చూసుకోవాలి. వేసవిలో తెలుగువారు మంచినీటి కుండలో వేసుకునే వట్టివేళ్లను తడిపి కిటికీకి కట్టినా చల్లని సువాసన వస్తుంది. ఇందులో మంట లేదు, పొగ లేదు.

సాంబ్రాణి విషయం వేరు. తలంటు తర్వాత పసిబిడ్డకు సాంబ్రాణి పొగ వేయడం ఎన్నో ఇళ్లలో ప్రేమతో జరిగే ఆచారం. కానీ ఏ పొగలోనైనా ఊపిరితిత్తుల లోతుకు చేరే సూక్ష్మ ధూళి కణాలు ఉంటాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించిన మార్గదర్శకాల ప్రకారం పీఎం 2.5 కణాల 24 గంటల సగటు ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు మించకూడదు. మూసిన గదిలో ధూపం వేస్తే ఆ స్థాయి సులువుగా దాటిపోతుంది. పసిపిల్లలు, ఆస్తమా ఉన్నవారు ఉన్న ఇంట్లో పొగ అవసరమైతే వారు లేని గదిలో, కిటికీలు తెరిచి వేయాలి. హారతి కర్పూరం బిళ్లలను పిల్లలకు అందనివ్వకూడదు. మింగితే కొద్ది మోతాదుకే మూర్ఛ రావచ్చు.

బట్టల మధ్య వేసే కలరా ఉండల్లో నాఫ్తలీన్ ఉండవచ్చు. జి-6-పి-డి అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన శిశువులకు ఆ బట్టలు చుట్టితే ఎర్ర రక్తకణాలు చిట్లి, తీవ్రమైన కామెర్లు రావచ్చు. దాచిన ఉయ్యాల బట్టలను ఉతికి, ఎండలో బాగా ఆరేసిన తర్వాతే వాడాలి. ఎండిన వేపాకు, వట్టివేళ్ల కట్ట అంతకంటే సురక్షితం.

హెచ్చరించే వాసనలు

సహజ పదార్థం కనుక దేనితోనైనా కలపవచ్చు అనుకోవడం అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు. బ్లీచింగ్ పౌడర్‌తోగానీ బ్లీచ్ ద్రావణంతోగానీ వెనిగర్ లేదా నిమ్మరసం కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఆమ్లంతో తయారయ్యే టాయిలెట్ క్లీనర్లు కలిసినా అంతే. చిన్న స్నానాల గదిలో ఇది ప్రాణాంతకం కావచ్చు. కళ్లు మండి, గొంతు పట్టేసినట్లు అనిపిస్తే గదిని కడిగే ప్రయత్నం చేయకుండా వెంటనే బయటకు వచ్చి మంచిగాలి పీల్చాలి. ఊపిరి తీసుకోవడం కష్టమైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

వంటగ్యాసుకు సహజంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలనే ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. వంటింట్లో ఆ వాసన వస్తే అగరుబత్తి వెలిగించకూడదు, స్ప్రే కొట్టకూడదు, ఫ్యాన్ స్విచ్ కూడా తాకకూడదు. రెగ్యులేటర్ కట్టి, తలుపులు, కిటికీలు తెరిచి బయటకు వెళ్లాక 1906 అత్యవసర నంబరుకు ఫోన్ చేయాలి. ఎల్‌పీజీ గాలికంటే బరువైనది, నేలబారుగా పరచుకుంటుంది. స్విచ్ బోర్డు నుంచి వచ్చే కాలిన ప్లాస్టిక్ వాసన విషయంలోనూ సువాసనకు చోటు లేదు. మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

ఊరెళ్లి వచ్చాక ఇల్లంతా మురుగు కంపు కొడితే కారణం మాత్రం చాలావరకు చిన్నదే. స్నానాల గది నేలలోని నీటి జాలీ కింద గొట్టం వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపులో నిలిచే నీరే మురుగు వాయువులను పైకి రాకుండా ఆపుతుంది. నీరు ఎండిపోతే అడ్డు తొలగిపోతుంది. ఒక చెంబెడు నీళ్లు పోస్తే కంపు ఆగుతుంది. ఎక్కువ రోజులు ఇల్లు తాళం వేసి వెళ్లేవారు బయలుదేరే ముందు ప్రతి జాలీలో నీళ్లు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వేయాలి. నూనె పొర నీటిపై తేలి, అది త్వరగా ఆవిరి కాకుండా చూస్తుంది.