నల్లా గుంటలోంచి కడుపులోకి

వానలు ఇప్పుడిప్పుడే వెనకబట్టాయి. నారాయణఖేడ్ పక్కన ఒక పల్లె. నువ్వు నల్లా గుంట అంచున కూచున్నావు. ధార సరిగా రావడం లేదని నేల తవ్వి నల్లాను కిందికి దింపారు. వంగి చూడు. పైపు అతుకు దగ్గర సన్నని పగులు, అందులోంచి నీళ్లు చిమ్ముతున్నాయి. పక్కన పారే మోరీ నీళ్లూ గుంటలోకే ఊరుతున్నాయి.

మోటరు ఆగింది. చిమ్మడం కూడా ఆగింది. గుంటలో నీళ్లు మెల్లగా తగ్గుతున్నాయి, చూశావా? పైపు ఖాళీ అవుతూ అదే పగుల్లోంచి మురుగును లోపలికి గుంజుకుంటోంది. రేపు పొద్దున మోటరు వేయగానే మొదటి బిందెలో పడేవి ఆ నీళ్లే.

ఆ బిందె నీళ్లు ఒక్కోసారి తేటగానే ఉంటాయి, వాసన కూడా రాదు. అందుకే నమ్మి తాగేస్తాం. రోగి మలంలోంచి వచ్చిన క్రిములు వాటిలో ఉంటే నేరుగా కడుపులోకి పోతాయి. కలరా క్రిమి పేగులోనే తిష్ఠ వేసి విషం వదులుతుంది. ఆ విషానికి ఒంట్లోని నీరు, ఉప్పు విరేచనాలుగా పోతాయి; గంటల్లోనే మనిషి వాడిపోతాడు. టైఫాయిడ్ క్రిమి కూడా ఆ నీళ్లలోనే రావచ్చు, కానీ అది పేగు దాటి రక్తంలో చేరుతుంది. వారం, రెండు వారాలకు విడవని జ్వరం పట్టుకుంటుంది.

2024 అక్టోబరులో నారాయణఖేడ్ మండలం సంజీవన్‌రావుపేటలో కలుషిత నీళ్లు తాగి పదుల మంది వాంతులు, విరేచనాలతో మంచాన పడ్డారు. ఇద్దరు చనిపోయారు. తాగే నీళ్లతో మనుషులు చచ్చిపోవడం మనం ఒప్పుకోకూడని విషయం.

నిలవ నీళ్లు తాగకపోయినా రోగం తేగలవు. ఇప్పుడు ఇంటి వెనక నీళ్ల డ్రమ్ము మూత తీయి. నీటి పైపొర నుంచి తలకిందులుగా వేలాడుతూ పురుగులు కదులుతున్నాయి. డెంగీ దోమ పిల్లలు ఇలాగే ఉంటాయి. మలేరియా దోమ పిల్లలైతే నీటిమీద అడ్డంగా పడుకుంటాయి. డెంగీ దోమ పగలు కుడుతుంది, మలేరియా దోమ చీకటి పడ్డాక. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. వారానికోసారి డ్రమ్ము వంపేసి, లోపలి గోడలు రుద్ది ఆరబెడితే ఆ పిల్లలు దోమలు కాలేవు.

అన్ని రోగాలూ నీళ్లతో, దోమలతో రావు. వాకిట్లో ఒక తాత దగ్గుతున్నాడు. అది టీబీ అయితే గాలిలో వస్తుంది. ఆయన చేయి పట్టుకుంటే రాదు. పక్కింటి అవ్వకు షుగరు ఉంది. అది ఎవరి నుంచీ ఎవరికీ అంటదు. ఆమె పక్కన కూచుని అన్నం తిను, ఏమీ కాదు. అంటని రోగానికి మనుషుల్ని దూరం పెట్టడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

నల్లా పగిలితే పంచాయతీకి చెప్పమని ఇంట్లో వాళ్లను అడుగు. అది బాగయ్యేదాకా నీళ్లు మసలకాచి, చల్లార్చి తాగండి. విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ పొట్లాన్ని దానిమీద రాసినన్ని నీళ్లలో మొత్తం ఒకేసారి కలిపి, కొద్దికొద్దిగా తాగిస్తూ దవాఖానకు తీసుకుపోవాలి. ఆ పొట్లాలు మీ ఊరి ఆశా అక్క దగ్గర ఉచితంగా దొరుకుతాయి. ఇవాళే రెండు అడిగి తెచ్చి ఇంట్లో పెట్టుకోండి.