వీరగాథ లేని పరుగు

మారథాన్‌కు ఒక కథ ఉంది. యుద్ధరంగం నుంచి పరుగెత్తుకొచ్చి, గెలిచామన్న మాట చెప్పి ప్రాణం విడిచిన గ్రీకు దూత కథ. అది నిజంగా జరిగిందా అన్నది చరిత్రకారులకు ఇప్పటికీ అనుమానమే. అయినా 1896లో ఏథెన్స్‌లో తొలి ఆధునిక ఒలింపిక్స్ జరిగినప్పుడు, ఫ్రెంచి పండితుడు మిషెల్ బ్రెయాల్ ఆ కథను పట్టుకునే ఈ పందెం పెట్టించాడు. స్పిరిడోన్ లూయీస్ గెలిచి గ్రీసు దేశానికి వీరుడైపోయాడు. 1908లో లండన్ ఒలింపిక్స్‌కు విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటి ముందు ముగించారు. కొలిస్తే 42.195 కిలోమీటర్లు. 1921లో అదే దూరాన్ని ఖాయం చేశారు.

హాఫ్ మారథాన్‌కు ఈ వైభవం ఏదీ లేదు. దూతా లేడు, కోటా లేదు. ఆ అంకెను రెండుతో భాగిస్తే 21.0975 వచ్చింది, అంతే. దశాంశం తర్వాత నాలుగు అంకెలు మాత్రం రాజుగారి ఆసనం పుణ్యమా అని మనకూ దక్కాయి. పరుగు పందెంగా దీనికి ఒలింపిక్స్‌లో ఇంతవరకూ చోటు లేదు. ప్రపంచ చాంపియన్‌షిప్ 1992లో గాని మొదలు కాలేదు. కెన్యా రన్నర్ మోజెస్ తనుయ్ గంటలోపు దీన్ని ముగించిన మొట్టమొదటి మనిషై 1993లో మిలాన్‌లో 59 నిమిషాల 47 సెకన్లకు గీత దాటాడు. ఆనాటికి ఈ దూరానికి అధికారిక ప్రపంచ రికార్డు అనేదే లేదు. ఆ గుర్తింపు 2004లో వచ్చింది. కాబట్టి దీని చరిత్ర చెప్పాలంటే విజేతల పట్టిక ముందేసుకుంటే పని జరగదు. ఆఫీసుకు వెళ్లే మనిషికి, పిల్లల్ని బడికి పంపే మనిషికి నెలల తరబడి సాధన చేయడం ఎవరు నేర్పారో వెతకాలి.

ఒకప్పుడు దూరపు పరుగు శిక్షణ అంటే నొప్పిని భరించడమే. 1930లలో జర్మనీలో ఇంటర్వెల్ పద్ధతి రూపుకట్టింది. కొంత దూరం వేగంగా పరుగెత్తడం, కాస్త ఆగి మళ్లీ అంతే వేగంగా పరుగెత్తడం. అదే దశకంలో స్వీడన్ కోచ్ గోస్టా హోల్మేర్, గడియారం అక్కర్లేకుండా దారి పొడవునా వేగం మారుస్తూ పరుగెత్తే ఫార్ట్‌లెక్‌ను ప్రవేశపెట్టాడు. చెకోస్లొవేకియా సైనికుడు ఎమిల్ జాటోపెక్ ఇంటర్వెల్స్‌ను పరాకాష్ఠకు తీసుకెళ్లి, 1952 హెల్సింకీలో 5,000, 10,000 మీటర్లతో పాటు మారథాన్ కూడా గెలిచాడు. జనం నోరెళ్లబెట్టారు. కానీ ఆ సాధన చూసి రేపటి నుంచి మనమూ పరుగెడదామని ఏ గుమస్తాకూ అనిపించి ఉండదు.

అనిపించేలా చేసినవాడు న్యూజిలాండ్‌లో ఉన్నాడు. ఆర్థర్ లిడియార్డ్ ఆక్లాండ్‌లో చెప్పుల ఫ్యాక్టరీ కార్మికుడు. రగ్బీ ఆడే శరీరమే కదా అన్న ధీమాతో, క్లబ్బులో తనకంటే పెద్దవాడితో కొన్ని మైళ్లు పరుగెత్తబోయి ఆయాసంతో కుదేలయ్యాడు. ఇప్పుడే ఇలా ఉంటే నలభై ఏడేళ్లకు నా ఒళ్లు ఎలా ఉంటుంది అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకున్నాడు. వారానికి కొద్ది మైళ్లతో మొదలుపెట్టి, మరీ ఎక్కువైతే ఏమవుతుందో కూడా పరుగెత్తి తెలుసుకుని, చివరికి వారానికి వంద మైళ్ల దగ్గర కుదురుకున్నాడు. అందులో అధిక భాగం హాయిగా, మాట్లాడుకుంటూ వెళ్లగలిగే వేగంతోనే.

చుట్టుపక్కల వీధుల్లోని కుర్రాళ్లను తన వెంట వేసుకున్నాడు. ఆదివారం వైటాకెరె కొండల్లో 22 మైళ్ల దారి. రెండు నిమిషాల్లోపు ముగిసే 800 మీటర్ల పందెగాడు పీటర్ స్నెల్‌కూ మినహాయింపు లేదు, వాడూ ఆ 22 మైళ్లు పరుగెత్తాల్సిందే. నిపుణులు నవ్వారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే మధ్యాహ్నం, గంట లోపే, స్నెల్ 800 మీటర్లు, ముర్రే హాల్‌బర్గ్ 5,000 మీటర్లు గెలిచారు. బారీ మగీకి మారథాన్‌లో కాంస్యం. ముగ్గురూ లిడియార్డ్ శిష్యులే.

నా దృష్టిలో అసలు సంగతి ఆ పతకాల తర్వాత జరిగింది. నడివయసు వ్యాపారులు, గుండెజబ్బు వచ్చి కోలుకుంటున్నవాళ్లు లిడియార్డ్‌ను అడిగితే, ఒలింపిక్ చాంపియన్లకు చెప్పిన మాటే వాళ్లకూ చెప్పాడు: ముందు మెల్లగా, ఎక్కువసేపు. 1962లో ఆక్లాండ్ జాగర్స్ క్లబ్ పుట్టింది. ఆ ఏడాది చివర్లో ఓరెగన్ విశ్వవిద్యాలయం కోచ్ బిల్ బోవర్‌మన్ న్యూజిలాండ్ వచ్చి వీళ్లతో కలిసి పరుగుకు వెళ్లాడు. డెబ్బై దాటి, గుండెపోట్లు తట్టుకుని బతికిన పెద్దమనిషి ఒకాయన ఈ ప్రఖ్యాత కోచ్‌కు జతగా ఉండి, కబుర్లు చెబుతూ దారంతా లాక్కెళ్లాడు. బోవర్‌మన్‌కు మాట పెగలలేదు. తిరిగి వెళ్లాక యూజీన్ ఊళ్లో జాగింగ్ తరగతులు పెట్టాడు, ఒక గుండె వైద్యుడితో కలిసి పుస్తకం రాశాడు. ఫిల్ నైట్‌తో కలిసి ఆయన 1964లో ప్రారంభించిన చిన్న బూట్ల వ్యాపారమే నైకీ అయింది. వేలకు వేలు పోసి ఈరోజు మనవాళ్లు కొంటున్న రన్నింగ్ షూస్ వంశవృక్షంలో ఆక్లాండ్ ముసలాయనకూ ఒక కొమ్మ ఉంది.

అమెరికాలో ఆ తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే, త్వరగా దాటేద్దాం. 1968లో వైద్యుడు కెన్నెత్ కూపర్ పుస్తకం ‘ఏరోబిక్స్’ వచ్చింది. 1970లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 127 మంది మారథాన్ మొదలుపెడితే 55 మంది ముగించారు. 1972 మ్యూనిక్‌లో ఫ్రాంక్ షార్టర్ గెలుపు టీవీల్లో చూసి వీధుల్లోకి వచ్చినవాళ్లు లక్షలు. 1977లో పరుగు మీద జిమ్ ఫిక్స్ రాసిన పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. 1984లో ఆయన పరుగెత్తుతూనే గుండె ఆగి 52 ఏళ్లకు చనిపోతే, పరుగంటే పడనివాళ్లకు చేతికి ఆయుధం దొరికింది. ఒకప్పుడు ఆయన రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చేవాడని, తండ్రి 43 ఏళ్లకే గుండెజబ్బుతో పోయాడని ఆ వాదనల్లో ఎవరూ పట్టించుకోలేదు. పరుగు పాత అప్పులన్నీ మాఫీ చేయదు. నలభై దాటి మొదలుపెట్టేవాళ్లు ముందు గుండె పరీక్ష చేయించుకోవాలని ఇప్పుడు కోచ్‌లు చెప్పే మాటకు ఈ చావు కూడా ఒక కారణం.

స్త్రీల విషయం మాత్రం తొందరపడి దాటలేం. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో 800 మీటర్లు పరుగెత్తి కొందరు అలసి కూలబడ్డారన్న నెపంతో, ఆ పందాన్ని ఆడవాళ్లకు 1960 దాకా ఒలింపిక్స్‌లో లేకుండా చేశారు. 1966లో బాబీ గిబ్ బోస్టన్ మారథాన్‌లో పొదల చాటున దాక్కుని, పందెం మొదలయ్యాక గుంపులో కలిసింది. మరుసటి ఏడాది పొడి అక్షరాలతో పేరు నమోదు చేసుకున్న కాథరిన్ స్విట్జర్‌ను నిర్వాహకుడు ఒకడు దారిలోనే నంబరు పట్టుకుని లాగేయబోయాడు. బోస్టన్ 1972లో తలుపు తీసింది, ఒలింపిక్ మారథాన్ 1984లో. అంటే ఇప్పుడు హైదరాబాద్ పీపుల్స్ ప్లాజా దగ్గర బిబ్ తగిలించుకుని నిలబడే యాభై ఏళ్ల మహిళ, ఆడవాళ్లకు ఒలింపిక్ మారథాన్ లేని కాలంలో పుట్టింది.

హాఫ్ మారథాన్‌కు సొంత ఇల్లు దొరికింది ఇంగ్లండ్ ఈశాన్య మూలన. 1976 మాంట్రియల్‌లో 10,000 మీటర్ల కాంస్యం గెలిచిన బ్రెండన్ ఫాస్టర్, న్యూజిలాండ్‌లో శిక్షణకు వెళ్లినప్పుడు ఆక్లాండ్‌లో ‘రౌండ్ ద బేస్’ జనపరుగు చూశాడు. అలాంటిది మన ఊళ్లో ఎందుకు ఉండకూడదనుకున్నాడు. 1981 జూన్‌లో న్యూకాసిల్ నుంచి సముద్రం ఒడ్డున సౌత్ షీల్డ్స్ దాకా తొలి గ్రేట్ నార్త్ రన్‌లో దాదాపు 12,000 మంది పరుగెత్తారు. 2014 నాటికి ఆ గీత దాటినవాళ్ల లెక్క పది లక్షలకు చేరింది. 1992 నాటి తొలి ప్రపంచ చాంపియన్‌షిప్‌నూ అక్కడే జరిపారు. ముందు జనం వచ్చారు, చాంపియన్లు వెనక వచ్చారు. మరో పందెంలో ఇలా జరిగినట్టు నాకు గుర్తులేదు.

ఈ దూరమే ఎందుకు కుదిరింది? జవాబు ఒంట్లో ఉంది. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ సాధారణంగా ముప్పై కిలోమీటర్ల చుట్టుపక్కల అడుగంటుతుంది. మారథాన్ రన్నర్లు ‘వాల్’ అనేది అదే. హాఫ్ దానికి ముందే ముగుస్తుంది. వారానికి మూడు నాలుగు పరుగులు, ఆదివారం ఒక లాంగ్ రన్, పన్నెండు నుంచి పదహారు వారాలు. లాంగ్ రన్‌ను ఎనిమిది కిలోమీటర్ల నుంచి పదహారు పద్దెనిమిదికి పెంచుకుంటూ పోయి, ఆఖరి రెండు వారాలు తగ్గించడం, అంటే టేపరింగ్. ఉద్యోగం మానకుండా, ఇంట్లో గొడవ ముదరకుండా ఇంతవరకూ నెగ్గుకు రావచ్చు.

చిక్కేమిటంటే గుండె, ఊపిరి ముందు కుదురుకుంటాయి. ఎముకలు, స్నాయువులు అంత తొందరగా బలపడవు. ఐదారు వారాలకు ఆయాసం తగ్గి, నేను రన్నర్‌ని అన్న నమ్మకం కలిగిన సరిగ్గా ఆ సమయానికే మోకాలి పక్కనో, ముంగాలి ఎముక వెంటనో నొప్పి మొదలవుతుంది. నార్వేలో పనిచేసే పరిశోధకుడు స్టీఫెన్ సైలర్ అగ్రశ్రేణి క్రీడాకారుల సాధనను లెక్కలు కట్టి, పదింట ఎనిమిది పాళ్లు వాళ్లు నింపాదిగానే చేస్తారని చూపించాడు. చెప్పుల ఫ్యాక్టరీ కార్మికుడు కొండల్లో కనిపెట్టినదానికి ఇది కొత్త రుజువు. మన అమెచ్యూర్ మాత్రం ఎనిమిదీ గట్టిగా పరుగెత్తి, ఆ రెండు వేగపు రోజులకు ఒంట్లో ఓపిక లేకుండా చేసుకుంటాడు. 2003లో జీపీఎస్ చేతి గడియారాలు, 2009లో స్ట్రావా యాప్ వచ్చాక ఇది ముదిరింది. మెల్లగా పరుగెత్తితే ఊరందరికీ కనిపించిపోతుందన్న సిగ్గు ఒకటి తోడైంది కదా!

నీళ్ల సంగతిలోనూ సలహా తలకిందులైంది. దాహం వేయకముందే తాగండి అని ఒక తరం మొత్తానికి నేర్పారు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం తగ్గిందని 2005లో తేలాక, అతిగా తాగడమూ ప్రమాదమేనని తెలిసింది. బూట్లదీ అదే వరస. 2009, 2010 ప్రాంతంలో ఉత్త కాళ్లే మేలన్న గాలి వీచింది, తర్వాత దిండ్లలాంటి అడుగులు వచ్చాయి, 2017 నుంచి కార్బన్ ప్లేట్లు. ఈ వాదాలన్నిటికీ ముందే బిహార్‌కు చెందిన సైనికుడు శివనాథ్ సింగ్ ఉత్త కాళ్లతో పరుగులు తీసేవాడు. 1978లో జలంధర్‌లో ఆయన మారథాన్‌ను 2 గంటల 12 నిమిషాల్లో ముగించాడు. జాతీయ రికార్డుగా అది నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు.

ఆయన సైనికుడు కావడం కాకతాళీయం కాదు. మన దేశంలో దూరపు పరుగు చాలాకాలం సైన్యానిది, పోలీసులది, రైల్వేలది. ఇప్పటికీ తెలుగు పల్లెల్లో తెల్లవారుజామున రోడ్డు మీద పరుగెత్తే కుర్రాడిని అడగండి. కానిస్టేబుల్ సెలక్షన్లకనో, ఆర్మీ ర్యాలీకనో, 1,600 మీటర్లకు సిద్ధమవుతున్నాననో చెబుతాడు. అతని పరుగు వెనక ఉద్యోగం ఉంది, ఇంటి అప్పు ఉంది. నగరంలోని హాఫ్ రన్నర్ డబ్బు కట్టి మరీ పరుగెడతాడు. ఈ ఇద్దరూ ఒకే వేళకు లేస్తారు గాని ఒకరి గురించి మరొకరికి బొత్తిగా తెలియదు. మన పరుగు చరిత్రలో ఎవరూ సరిగా రాయని అధ్యాయం ఇదేనని నా అభిప్రాయం.

నగరపు అధ్యాయం 2004లో ముంబై మారథాన్‌తో తెరుచుకుంది. ఆ ఏడాదే ఢిల్లీలో ప్రపంచ హాఫ్ మారథాన్ చాంపియన్‌షిప్, మరుసటేడు ఢిల్లీ హాఫ్ మారథాన్. 2020లో అవినాష్ సాబ్లే 1 గంట 30 సెకన్లతో జాతీయ రికార్డు పెట్టింది ఆ ఢిల్లీ దారి మీదే. హైదరాబాద్‌లో 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలి స్టేడియం కట్టారు. చుట్టూ ఐటీ కంపెనీలు మొలిచాయి, కుర్చీలో పది గంటలు కూర్చునే తరం వచ్చింది. 2007లో హైదరాబాద్ రన్నర్స్ ఏర్పడింది, 2011లో హైదరాబాద్ మారథాన్ మొదలైంది. అప్పటికే అమెరికాలో విరాళాల కోసం పరుగుకు శిక్షణనిచ్చే సంస్కృతి పాతబడింది. ఆ కోవకు చెందిన టీమ్ ఇన్ ట్రైనింగ్ 1988లోనే ఆరంభమైంది. తర్వాత ఆశా ఫర్ ఎడ్యుకేషన్ లాంటి ప్రవాస భారతీయ సంస్థలూ తమ రన్నర్లకు వారాల ప్రణాళికలు ఇచ్చి నడిపించాయి. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు.

హైదరాబాద్ పందెం సాధారణంగా ఆగస్టు ఆఖరి ఆదివారం. నెక్లెస్ రోడ్డు దగ్గర చదునుగా మొదలై, ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ వైపు ఎత్తుపల్లాలు ఎక్కి దిగి గచ్చిబౌలి చేరాలి. అందుకే ఇక్కడివాళ్లు దీనితో టైము సాధించాలని చూడరు, పీబీ, అంటే తమ అత్యుత్తమ టైము కోసం ఢిల్లీకో ముంబైకో వెళ్తారు. ఆగస్టుకు పదహారు వారాలు వెనక్కి లెక్కపెడితే మే నెల తగులుతుంది. దిగుమతి చేసుకున్న ప్రణాళికలు చల్లటి దేశాల్లో రాసినవి. వాటిలో కిలోమీటరుకు ఇన్ని నిమిషాలు అని ఉంటుంది. మే ఉదయం ఐదున్నరకే వేడెక్కే కేబీఆర్ పార్కు చుట్టూ, చెమట ఆరని విశాఖ బీచ్ రోడ్డు మీద ఆ అంకె పనికిరాదు. శరీరం ఎండకు అలవాటు పడడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. రక్తంలో ప్లాస్మా పెరగాలి, చెమట త్వరగా పట్టడం మొదలవ్వాలి. ఇక్కడి కోచ్‌లు ఆ రెండు వారాలూ వేగం మాట ఎత్తనివ్వరు. లాంగ్ రన్ తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలుపెట్టిస్తారు, పేస్ బదులు ఊపిరిని చూసుకోమంటారు, రెండు మూడు కిలోమీటర్లకు ఒకచోట నీళ్లు, ఉప్పు, అరటిపండు పెట్టిస్తారు. వానలు పడ్డాక జులైలో గాని ఫ్లైఓవర్‌ను మళ్లీ మళ్లీ ఎక్కే రిపీట్లు, వేగంగా సాగే టెంపో పరుగులు మొదలుకావు.

ఆ నాలుగున్నర వేళే ఆడవాళ్లకు పెద్ద అడ్డంకి. చీకటి, కుక్కలు, తాగి బండి నడిపేవాళ్లు. అందుకే ఒంటరి సాధనకన్నా గుంపు పరుగులు ఇక్కడ ఎక్కువ. వేగాన్ని బట్టి జట్లు కట్టి, చివరి మనిషి వెనక ఒకరిని ఉంచి, ఎవరూ వెనకబడకుండా చూసుకుంటారు. పందెం అయ్యాక వీళ్లలో కొందరు జనవరి ముంబై ఫుల్‌కు పేరిస్తారు. ఏటా హాఫే పరుగెత్తేవాళ్లూ చాలామందే. ఫుల్ ఎప్పుడు అని అడిగితే, ఆదివారం తొమ్మిదింటికల్లా ఇంట్లో టిఫిన్‌కు ఉండాలండీ అంటారు.