లె మాన్స్ ఇంజను, రాజోలు అంబాసిడరు

'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ' (2019) సినిమాలో కెన్ మైల్స్‌ని మనవాళ్ళు చాలామంది చూసే ఉంటారు. అందులో లేని ముక్క ఒకటి చెప్తాను. 1955 లె మాన్స్ రేసులో ఆ కెన్ మైల్సే, జానీ లాకెట్‌తో కలిసి ఎమ్‌జీ ఈఎక్స్ 182 అనే కారు నడిపి 12వ స్థానంలో వచ్చాడు. దాంట్లో ఉన్నది 1489 సీసీ బి-సిరీస్ ఇంజను. 1959 నుంచి మన అంబాసిడర్లో వచ్చిందీ అదే కుటుంబం, అదే 1489 సీసీ! రేసు బండిది 80 హార్స్‌పవర్ పైచిలుకు, మనది 55. ఆయ్, రాజోలు సెంటర్లో పెళ్ళివారిని కుక్కుకుని తిరిగిన అంబాసిడరే. (డీజిల్ అంబాసిడర్లని పక్కన పెట్టండి, వాటికి స్పార్కే లేదు.)

ఈ ఇంజన్లకి కీలకం ఇగ్నిషన్ టైమింగు. స్పార్కు పడగానే పెట్రోలంతా ఒక్కసారి అంటుకోదు. మంట పాకడానికి రెండు మిల్లీసెకన్లు అనుకుంటే, 3000 ఆర్పీఎమ్ దగ్గర ఈలోపు క్రాంకు 36 డిగ్రీలు తిరిగిపోతుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే స్పార్కు కొట్టాలి. మన భాషలో లేటెన్సీ అన్నమాట. ఫోర్డ్ మోడల్ టి (1908-27) లో ఈ పని డ్రైవరుదే, స్టీరింగు కింద ఎడమపక్క మీటతో. హేండిల్ కొట్టేముందు దాన్ని వెనక్కి పెట్టకపోతే ఎదురుతన్ని మణికట్టు విరిగే ప్రమాదం. తర్వాత డిస్ట్రిబ్యూటరులోని చిన్న బరువులు, స్ప్రింగులు ఆ పని తీసుకున్నాయి. వేగం పెరిగితే బరువులు బయటికి జరుగుతాయి, స్పార్కు ముందుకొస్తుంది. రేసువాళ్ళు ఆ స్ప్రింగులు మార్చి అడ్వాన్సుని తమకి కావలసినట్టు మలుచుకునేవాళ్ళు. ఇప్పుడు టేబుల్లో అంకె మార్చడం లాంటిదే. నన్నడిగితే అదీ ప్రోగ్రామింగే.

మొదటి సెట్టింగు పద్ధతి మాత్రం రెండు బళ్ళకీ ఒకటే. పాయింట్ల గ్యాపు 0.015 అంగుళం. ఒకటో సిలిండరు కంప్రెషన్లో ఉండగా పుల్లీ గుర్తు కలపాలి. కాయిల్ నుంచి వచ్చే సన్న వైరుకీ బాడీకీ మధ్య బల్బు పెట్టి డిస్ట్రిబ్యూటరుని మెల్లిగా తిప్పితే, పాయింట్లు విడిన క్షణాన బల్బు వెలుగుతుంది. అక్కడ బిగించెయ్యాలి.

చిన్నప్పుడు మా రాజోల్లో నేను చూసిన ముసలి మెకానిక్ గారికి ఆ బల్బు కూడా అక్కర్లేదు. టాప్ గేర్లోనే బండిని కాలవ వంతెన మీదకి ఎక్కించేవారు. ఇంజను గలగలమందంటే స్పార్కు మరీ ముందుందని లెక్క. దిగి వెంట్రుకవాసి వెనక్కి తిప్పేవారు. ఇంగ్లండులో పాత ఎమ్‌జీలని ఇప్పటికీ రేసులకి దింపుతారు, ఈ పని తెలిసినవాడికి మర్యాదా డబ్బూ రెండూ ఉంటాయి. మనం దాన్ని షెడ్డు పని అన్నాం, అంతే. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఆయన తెలిసిందేదీ రాసిపెట్టలేదు, రాయమని ఎవరూ అడగలేదు కూడా. ఆయనకి పానాలు అందించిన కుర్రాడు ఇప్పుడు స్కానరు పెట్టి ఎర్రర్ కోడ్లు చదువుతున్నాడు. పాయింట్ల బండి వస్తే చెయ్యి పెట్టడు.