పాటయు ఊపిరియు

హైదరాబాదునకు పడమట, చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములో ప్రొద్దుటూరు అను పల్లె కలదు. కడప సీమలోని పేరుగాంచిన ప్రొద్దుటూరు వేరు, ఇది వేరు. భాద్రపద అమావాస్య మొదలుకొని ఆశ్వయుజ శుద్ధ అష్టమి వరకు, తెలంగాణములోని తక్కిన పల్లెలలో వలెనే ఈ ప్రాంతమునను స్త్రీలు గునుగు, తంగేడు, బంతి పూలను పళ్ళెములో వరుసలుగా పేర్చి బతుకమ్మను చేయుదురు. దానిచుట్టును వలయముగా నిలిచి, వంగుచు లేచుచు చప్పట్లు చరచుచు, అడుగులో అడుగు కలిపి పాడుదురు. పాట తెలిసిన ఒకామె చరణమెత్తును. తక్కినవారు ‘ఉయ్యాలో’ అని వంత పాడుదురు. 2014లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్రపు పండుగగా ప్రకటించినది. అంతకు ఎంతో ముందే ఆచార్య బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయములపై చేసిన పరిశోధనము 1958లో గ్రంథరూపమున వెలువడి, ఇట్టి పాటలకు విశ్వవిద్యాలయములలో గౌరవస్థానము కల్పించినది.

ఆ స్త్రీలను అడిగినచో, గంటలకొలది ఆడి పాడినను అలసట తెలియదని చెప్పుదురు. ఈ మాటలో శాస్త్రమేమైన ఉన్నదా?

పాట ఆరోగ్యమునకు మంచిదను మాట క్రొత్తది కాదు. ఇంగ్లండులో విలియం బర్డ్ అను సంగీతకర్త 1588లో తాను ప్రచురించిన పాటల పుస్తకము మొదట, అందరును పాట నేర్వవలెననుటకు కొన్ని కారణములు చూపెను. పాడుట దేహారోగ్యమును కాపాడుననియు, రొమ్మును బలపరచుననియు వాటిలో చేర్చెను. ఆయన చూపిన కారణములను పరీక్షించుటకు ఆనాడు సాధనములు లేవు. 1847లో జర్మను శరీరశాస్త్రజ్ఞుడు కార్ల్ లూడ్విగ్, రక్తపు ఒత్తిడిని తిరుగుచున్న గొట్టముపై గీతగా వ్రాయు కైమోగ్రాఫ్ అను యంత్రమును నిర్మించెను. దానితో ఒక వింత బయటపడినది: ఊపిరి లోనికి పీల్చునపుడు గుండె వడి హెచ్చును, విడుచునపుడు తగ్గును. మెదడునుండి గుండెకు దిగు వేగస్ నాడి ఈ పనిలో ముఖ్యమైనది. విద్యార్థులు తమ మణికట్టుపై వ్రేలుంచి, మెల్లగా దీర్ఘశ్వాస తీయుచు దీనిని స్వయముగా గమనింపవచ్చును.

ఇప్పుడు పాటను తలచుకొనుడు. విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషమునకు ఇంచుమించు 12 మొదలు 20 సార్లు ఊపిరి తీయును. పాడువాడు చప్పున ఊపిరి పీల్చి, చరణము ముగియువరకు దానిని పొదుపుగా విడువవలెను. అనగా ఊపిరి ఎప్పుడు తీయవలెనో నిర్ణయించునది పాటయే. పదిమంది ఒకే పాట పాడినచో పదిమంది ఊపిరియు ఒకే వేళకు నడచును. ఊపిరి కలిసినచో గుండెలును కలియవలెను గదా! స్వీడనులో బ్యోర్న్ విక్‌హోఫ్, ఆయన సహచరులు 18 ఏళ్ళ వయస్సు విద్యార్థులచే కలిసి పాడించి, వారి గుండెల వడి ఒక్కతీరున హెచ్చుచు తగ్గుచు ఉండుటను 2013లో ప్రకటించిరి. వరుసలు దీర్ఘముగాను తెంపు లేకుండను ఉన్న పాటలో ఈ పొందిక స్పష్టముగా కనబడినది.

దీనికి ముందే, 2001లో, ఇటలీ వైద్యుడు లూచియానో బెర్నార్డి బృందము 23 మందిని పరీక్షించినది. లాటినులో మేరీమాత జపము చేసినను, మన యోగమంత్రమును జపించినను శ్వాస నిమిషమునకు సుమారు ఆరుకు దిగినది; రక్తపు ఒత్తిడిని సరిదిద్దు సహజశక్తి పెరిగినది. ఆ జపములో సగము గురువు చెప్పగా తక్కిన సగము సభ చెప్పుట ఆచారము. ఒకరు ఎత్తుట, పలువురు అందుకొనుట! బతుకమ్మ వలయము గుర్తుకు రాక మానదు.

అయితే పాట వినినను ఇదే ఫలము కలుగునా? ఈ ప్రశ్న మన పల్లెలకు మిక్కిలి ముఖ్యమైనది. ఇటీవల బతుకమ్మ చోట పెద్ద స్పీకర్లు వచ్చినవి. పాట యంత్రము నుండి వచ్చుచుండగా స్త్రీలు నోరు మెదపక అడుగులు మాత్రము వేయు దృశ్యము అరుదు కాదు. 2004లో జర్మనీలో గుంటర్ క్రాయిట్జ్ మున్నగువారు ప్రచురించిన పరిశోధనము ఇచ్చట పనికివచ్చును. ఒక బృందగానపు సభ్యులు మొట్స్‌ర్ట్ రచనను ఒకనాడు పాడిరి, వేరొకనాడు అదే రచనను విని ఊరకుండిరి. పాడిననాడు లాలాజలములో ఇమ్యునోగ్లోబులిన్-ఏ అను రక్షక పదార్థము హెచ్చినది, మనస్సు ఉల్లాసమొందినది. వినిననాడు కార్టిసోల్ తగ్గిన మాట నిజమే గాని, ఉల్లాసము కలుగకపోగా మనస్సు కొంత దిగులుపడినది. ఒక్క పరిశోధనముతో తీర్పు చెప్పరాదు. ఐనను పల్లె పాటను స్పీకరునకు అప్పగించుటకు ముందు ఆలోచింపవలసిన విషయమే.

పొగడ్తకును హద్దు ఉండవలెను. 2015లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు, పాట తరగతులలో చేరినవారిని చేతిపనుల, రచనా తరగతులవారితో ఏడు నెలలు పోల్చి చూచిరి. పాడినవారు త్వరగా చేరువైరి. ఏడు నెలలు గడచుసరికి తక్కినవారును అంతే చేరువైరి. పాట స్నేహమునకు దగ్గరి దారి యేగాని ఏకైక మార్గము కాదు.

ఇంతకన్న కఠినమైన పాఠము 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున లభించినది. స్కాజిట్ లోయలో ఒక బృందము మూసిన గదిలో రెండున్నర గంటలు పాటలు సాధన చేసినది. వచ్చినవారు 61 మంది, వారిలో ఒకరికి జలుబు లక్షణములుండెను. తుదకు 53 మందికి కోవిడ్ సోకినట్లు తేలినది లేదా సోకియుండునని నిర్ణయింపబడినది, ఇద్దరు మరణించిరి. పాడునపుడు నోటినుండి వెడలు సూక్ష్మ తుంపరలు మాటాడునప్పటికంటె హెచ్చు. వాటిని గాలి చెదరగొట్టుటకు బయట వీలున్నంతగా మూసిన గదిలో వీలు లేదు. చెరువుగట్టున, ఇంటి వాకిట ఆడు మన ఆట ఈ ఒక్క విషయములో మేలైనది.

ఆ వ్యాధి తగ్గినను ఆయాసము వీడనివారి కొరకు లండనులో ఇంగ్లీష్ నేషనల్ ఒపెరా, ఇంపీరియల్ కళాశాల వైద్యులు కలిసి ఆరు వారముల పాట శిక్షణ ఏర్పరచిరి. ఎవరింట వారు ఉండి, తెరపై కలిసికొని పాడిరి. 150 మందిపై జరిగిన పరీక్ష ఫలితములు 2022లో వెలువడినవి: మానసిక స్వస్థత మెరుగుపడినది, ఆయాసము కొన్ని విధముల తగ్గినది, శరీరస్థితిని తెలుపు కొలతలో మాత్రము గణనీయమైన భేదము కనబడలేదు. వారిచే పాడించుటకు ఎన్నుకొన్నవి జోలపాటలు.