ఉత్తరాలు నిలబెట్టిన నాటకాలు

ఫిల్మ్ నగర్‌లో మాటలు రాయడం నేర్చుకుంటున్న కుర్రాళ్ళు "ఏం చూడమంటారు సార్?" అని అడిగితే నేను సినిమా పేరు చెప్పను. విజయవాడ ఆకాశవాణి వారి "గణపతి" వినమంటాను. చిలకమర్తి లక్ష్మీనరసింహం నవల అది. ఆ గణపతి ఆకారం తలుచుకుంటేనే సగం నవ్వొస్తుంది. రేడియోలో ఆకారం లేదు, నండూరి సుబ్బారావు గొంతు ఉందంతే. పొట్ట, పొగరు, బద్ధకం అన్నీ ఆ గొంతులోనే కనిపించేస్తాయి.

కంటికి కనబడకపోవడమే కథకు పెట్టుబడి అని ముందుగా కనిపెట్టినవాడు రిచర్డ్ హ్యూస్. 1924 జనవరి 15న లండన్‌లో బీబీసీ ఆయన నాటకం ప్రసారం చేసింది. బొగ్గుగనిలో దీపాలు ఆరిపోతాయి, లోపల మనుషులు చిక్కుకుపోతారు, కథంతా ఆ చీకట్లోనే. వినేవాళ్ళను కూడా ఇంట్లో దీపాలు ఆర్పేసి వినమన్నారు. అప్పటిదాకా రేడియోలో నాటకమంటే స్టేజీ నాటకాన్ని మైకు ముందు చదవడమే.

మన దగ్గరికి ఈ విద్య మద్రాసు మీదుగా వచ్చింది. 1938 జూన్ 16న అక్కడ ఆలిండియా రేడియో కేంద్రం మొదలైంది. ఆ తొలి రోజుల్లోనే ముద్దుకృష్ణ "అనార్కలి" ప్రసారమైంది. అప్పట్లో అంతా ప్రత్యక్ష ప్రసారమే. ఎవరైనా దగ్గితే ఆ దగ్గు కూడా ఊరంతటికీ వినిపించాల్సిందే. నటులు స్క్రిప్టు పేజీ తిప్పరు, గరగర మైకులో పడుతుంది కాబట్టి. చదివేసిన కాగితాన్ని చప్పుడు కాకుండా పక్కకు తీసేస్తారు. ఉరుముకు రేకు, గుర్రానికి కొబ్బరి చిప్పలు. ఇంత శ్రమా పడ్డాక, నాటకం ముగిసిందంటే ముగిసినట్టే, మళ్ళీ వినే దారి లేదు.

1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. 1950 ఏప్రిల్ 1న హైదరాబాదులోని దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసింది. తర్వాత టేపులు వచ్చాయి. కానీ టేపు ఖరీదైన సరుకు. పాత రికార్డింగు చెరిపేసి దాని మీదే కొత్తది చేయడం రేడియోలో మామూలు పని, బీబీసీ కూడా అదే చేసింది. మరి ఏది ఉంచాలి, ఏది చెరపాలి?

ఇక్కడే శ్రోత రంగంలోకి దిగాడు, చేతిలో పోస్టుకార్డుతో. ఫలానా నాటకం మళ్ళీ వేయండి అని రాసేవాడు. పక్కింటివాళ్ళ చేత, ఆఫీసులో నలుగురి చేత రాయించేవాడు. రేడియోవాళ్ళు ఆ ఉత్తరాలకు జవాబులు చెప్పడానికే ఒక కార్యక్రమం పెట్టారు. పాటలకైతే "జనరంజని" ఉండనే ఉంది. అందులో కోరినవాళ్ళ పేర్లూ ఊళ్ళూ చదవడమే పాటంత సేపు సాగేది! ఇది బాగుంది, నువ్వూ విను అని చెప్పే పనిని ఇప్పుడు ఫోను చేస్తోంది. అప్పుడు ఆ పని పోస్టుకార్డుది, దాని దెబ్బకు నాటకం మళ్ళీ ప్రసారమయ్యేది. ఇవాళ మనకు దక్కినవాటిలో చాలావరకు అలా పదేపదే అడిగించుకున్నవే అని నా నమ్మకం.

ఈలోగా సినిమాతో రేడియోకు ఓ చిన్న తగాదా నడిచింది. 1952లో కేంద్ర మంత్రి బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలను బాగా తగ్గించేశారు. జనం హాయిగా రేడియో సిలోను వైపు ముల్లు తిప్పారు. పోయిన శ్రోతలను వెనక్కి రప్పించడానికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టక తప్పలేదు. రాజీ కుదిరాక పాటలతో ఆగలేదు, సినిమా మొత్తం రేడియోలోకి వచ్చింది. అదే సంక్షిప్త శబ్దచిత్రం. మూడు గంటల సౌండ్ ట్రాకును కుదించి, తెగిన చోట అనౌన్సర్ రెండు ముక్కలు చెప్పి అతికేవాడు.

"మాయాబజార్" అలా విని చూడండి. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వెళ్ళడం పోతుంది, అది కెమెరా గారడీ. కానీ మాయాశశిరేఖ పోదు. ఆడపిల్ల గొంతులోంచి ఎస్.వి. రంగారావు రాక్షస ధాటి తొంగిచూసేలా సావిత్రి మాట్లాడిన తీరు చెవికి మరీ స్పష్టంగా తెలుస్తుంది.

రేడియో నుంచి సినిమాకు వెళ్ళినవాళ్ళూ తక్కువేం కాదు. జగ్గయ్య ఢిల్లీలో తెలుగు వార్తలు చదివారు. గొల్లపూడి మారుతీరావు ఆకాశవాణి ఉద్యోగి. విజయవాడ కేంద్రంలో నాటకాలు వేసిన వీరభద్రరావును జంధ్యాల "నాలుగు స్తంభాలాట"తో 1982లో "సుత్తి" వీరభద్రరావును చేశారు. "శ్రీవారికి ప్రేమలేఖ"లో ఆయన తిట్లు కళ్ళు మూసుకుని వినండి. ఊపిరి ఎక్కడ తీశారో దొరకదు. అది మైకు నేర్పిన విద్య. రేడియో జబ్బు కూడా కొంత సినిమాకు అంటింది. "అయ్యో, నీ చేతిలో ఆ కత్తేమిటి?" లాంటి డైలాగు రేడియోలో అవసరం. తెర మీద కత్తి కనబడుతూనే ఉన్నా ఇంకా రాస్తున్నారు.

ఇంట్లో టేపురికార్డరు పక్కన పెట్టుకుని శ్రోతలు పట్టుకున్న ప్రసారాలు కూడా ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. నేను వినమనేవి మూడు. మొదటిది "గణపతి", జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ పడితే అందులో ఓ మంచి ముక్క వినొచ్చు. రెండోది చలం "పురూరవ". హైదరాబాదు కేంద్రంలో శారదా శ్రీనివాసన్ ఊర్వశి అయ్యారు. ఊర్వశిని తెర మీద నిలబెడితే ఎవరో ఒక అందమైన నటి అవుతుంది, వినిపిస్తే మాత్రం అప్సరసే. దీన్ని బండి మీద వెళ్తూ వినకండి. మూడోది రేడియో "కన్యాశుల్కం". అందులో ఎవరు మాట్లాడుతున్నారో పేరు చెప్పకుండానే యాసతో ఎలా తెలిసిపోతోందో గమనించి, ఆ తర్వాత మీ స్క్రిప్టులో పాత్రల పేర్లు చేత్తో మూసి చదువుకోండి.