అన్నీ దాచిన ఫోర్డు ఆ ఒక్క కాగితం రాయించుకోలేదు

మన ట్రాక్టర్ వెనక కల్టివేటర్ తగిలిస్తామే, కింద రెండు చేతులు, పైన టాప్ లింకు, దాని వెనక పెద్ద కోర్టు గొడవ నడిచింది. చెప్తా వినండి, కాస్త పొడుగు పోస్టే.

హెన్రీ ఫోర్డు అంటే కార్లాయన అని అందరికీ తెలుసు. ఆయన 1863లో అమెరికాలో మిషిగాన్ రాష్ట్రంలో రైతు ఇంట్లో పుట్టాడన్నది చాలామందికి తెలీదు. సేద్యంలో గొడ్డుచాకిరీ చూసి విసిగి మిషన్ల వైపు పోయిన మనిషి.

1916లో ఒక పత్రిక ఆయన్ని తిడుతూ రాసింది. ఈయన పరువునష్టం కేసు వేశాడు. 1919లో విచారణ. అవతలి లాయర్లు ఆయన్ని బోనులో నిలబెట్టి చరిత్ర ప్రశ్నలు గుప్పించారు. తమ దేశ స్వాతంత్ర్య పోరాటం ఎప్పుడు జరిగిందో కూడా ఆయన సరిగ్గా చెప్పలేకపోయాడు. ఊరంతా నవ్వింది. జ్యూరీలో ఎక్కువమంది రైతులే. కేసు ఆయనే గెలిచాడు గానీ, వచ్చిన నష్టపరిహారం ఎంతనుకున్నారు? 6 సెంట్లు!

ఆ అవమానంలోంచే మ్యూజియం పుట్టింది. చరిత్ర పుస్తకాల నిండా రాజులు, యుద్ధాలే, దుక్కి దున్నే పనిముట్ల ఊసే లేదు, అదేం చరిత్ర అన్నది ఆయన వాదన. నాకైతే ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజమనిపిస్తుంది. డియర్‌బోర్న్‌లో కట్టించి 1929 అక్టోబర్ 21న ప్రారంభించాడు. ఎడిసన్ కూడా వచ్చాడు. ఫోర్డు 1896లో చేసిన మొదటి బండి, 1907లో ప్రయోగం చేసిన ట్రాక్టర్, పాత నాగళ్ళు, నూర్పిడి మిషన్లు, అన్నీ అక్కడున్నాయి. ఆయన పుట్టిన ఇంటిని కూడా తర్వాత అక్కడికే తరలించారు.

ఇంక కాగితాల సంగతి. 1947లో ఫోర్డు, 1950లో ఆయన భార్య చనిపోయాక ఇల్లు తెరిచి చూస్తే గదుల నిండా ఉత్తరాలు, బిల్లులు, రసీదులు. చిత్తు కాగితం కూడా పారేయలేదు. కంపెనీ వాటిని సర్ది 1953లో పరిశోధకులకు తెరిచింది, 1964లో మ్యూజియానికి ఇచ్చేసింది.

ఇంత దాచిన మనిషి ట్రాక్టర్ దగ్గర ఏం చేశాడో చూడండి. 1917లో ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ తెచ్చాడు. 1922కల్లా ధర 395 డాలర్లకు దించాడు. విపరీతంగా అమ్ముడుపోయింది. కానీ నాగలి రాయికో వేరుకో తట్టుకుంటే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడేది. చాలామంది డ్రైవర్లు కింద నలిగి చచ్చిపోయారు.

దీనికి మందు కనిపెట్టినవాడు ఐర్లండ్ మనిషి హ్యారీ ఫెర్గూసన్. మూడు పాయింట్లతో పనిముట్టును బండికే కలిపేశాడు. నాగలి మీద పడే భారం టాప్ లింకు గుండా ముందుకు తోసి ముందు చక్రాలను నేలకు అదుముతుంది. హైడ్రాలిక్ లిఫ్టు లోతు చూసుకుంటుంది. 1938లో ఫోర్డు పొలంలో దున్ని చూపించాడు. ఫోర్డు ముచ్చటపడి చెయ్యి కలిపాడు. అంతే ఒప్పందం! సంతకం లేదు, కాగితం లేదు. 1939లో ఇద్దరి పేర్లతో 9ఎన్ ట్రాక్టర్ వచ్చింది, బాగా అమ్ముడైంది.

పెద్దాయన ఉన్నన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత కంపెనీ చేతికొచ్చిన మనవడు మాకు ఆ మాటతో సంబంధం లేదన్నాడు. మన దగ్గర నోటిమాట కౌలు తండ్రి పోయాక కొడుకు దగ్గర ఎట్లా తేలుతుందో అచ్చం అట్లానే. ఫోర్డు కంపెనీ 1947లో అదే లిఫ్టు పద్ధతితో సొంతంగా 8ఎన్ తెచ్చింది. ఫెర్గూసన్ 25 కోట్ల 10 లక్షల డాలర్లకు దావా వేశాడు. నాలుగేళ్ళు లాగి లాగి 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకు రాజీ. అడిగినదాంట్లో ఎన్నో వంతో మీరే లెక్కేసుకోండి.

ఆ ఫెర్గూసన్ పేరే మన మాస్సీ బండి మీద ఉన్నది. ఫోర్డు పేరుతో వచ్చిన 3600 మన దేశంలో ఎస్కార్ట్స్ వాళ్ళు చేశారు. కోర్టుకెక్కిన రెండు పేర్లూ మన వీధుల్లో పక్కపక్కనే తిరిగాయి. మీ ఇంట్లో ఆ పాత బండ్ల మొదటి బిల్లో, ఆర్‌సీనో ఇంకా ఉంటే ఫోటో తీసి కింద పెట్టండి, చూద్దాం.